పది తీసేరా?

మా చోడవరంలో మబ్బు పట్టిందో లేదో కనుక్కోవడానికి విశాఖపట్నం నుంచి పనిగట్టుకుని ఫోన్ చేసే మనిషి ఒక్కరే ఉండేవారు.

"బాబూ, మబ్బుందా?"

కులాసా ప్రశ్నలుండవు. ఉందంటే "ఎంత?" అనేవారు. నేను వీధిలోకి వచ్చి, ఆకాశాన్ని నాలుగు పావులుగా అనుకుని చూసి, "మూడు పావులు" అనేవాణ్ణి. "అయితే వస్తన్నాను." ఫోన్ కట్టయ్యేది. రెండు పావులంటే, "సూద్దాం, పదింటికి మళ్ళీ సేస్తాను" అనేవారు. ఎండగా ఉందంటే ఏమీ అనేవారు కాదు. నేను ఇంకా "హలో" అంటూనే ఉండేవాణ్ణి.

మూడు వానాకాలాలు ఇలా గడిచాయి. ఇప్పుడు అడిగేవారు లేరు, కానీ అలవాటు పోలేదు. పొద్దున్నే లేచి వీధిలోకి వచ్చి పావులు చూస్తాను. చెప్పడానికి ఎవరూ లేరు కాబట్టి ఆ అంకెను గోడ క్యాలెండర్‌లో తేదీ పక్కన రాస్తాను. ఈ నెలలో ఇప్పటికి నాలుగు పావుల రోజులు ఆరు వచ్చాయి. ఆరూ వృథా.

నేను పొలాలు కొలిచేవాణ్ణి. చదివింది పదో తరగతి. మిగతాది ఒక పాత సర్వే పుస్తకం, చాలా చెరకు మళ్ళూ నేర్పాయి. సర్కారు సర్వేయరు రావడానికి నెలలు పట్టే రోజుల్లో గట్టు తగాదాలకు నన్నే పిలిచేవారు. వంకర మడిని త్రిభుజాలుగా విడదీసి, ఎన్ని సెంట్లో అక్కడికక్కడే చెప్పేవాణ్ణి. డ్రోన్లు వచ్చాక పిలవడం తగ్గింది. బస్‌స్టాండుకి దగ్గరలో రెండు గదులు. వాటిలో నేనొక్కణ్ణే.

ఆవిడ మా గుమ్మంలోకి మొదటిసారి వచ్చినప్పుడు మెడలో కెమెరా, చంకలో నల్ల గొడుగు, నెత్తిమీద క్రికెట్ ఆటగాళ్ళు పెట్టుకునేలాంటి టోపీ ఉన్నాయి. యాభై దాటిన మనిషి.

"కొలతలాయన మీరేనా? మంచి టేపుందా?"

"మంచిది కాదు గానీ, నిజం చెప్పే టేపుంది," అన్నాను.

నా స్టీలు టేపుకి మొదటి పది సెంటీమీటర్లు లేవు. ఎప్పుడో బండి చక్రం కింద పడి తెగిపోయాయి. దాని మొదలే పది దగ్గర. ఎంత వచ్చినా అందులోంచి పది తీసేయాలి. మా చుట్టుపక్కల రైతులందరికీ ఇది తెలుసు. నేను అంకె చెప్పగానే గట్టు అవతలి నుంచి "పది తీసేరా?" అని కేకేసేవారు. తీసేనంటేనే ఒప్పుకునేవారు.

అదంతా విని ఆవిడ, "కొత్తది కొనుక్కోరాదా?" అన్నారు.

"దీని తప్పు ఎంతో నాకు తెలుసు. కొత్తదాని తప్పు తెలీదు కదండీ."

ఆవిడ నవ్వలేదు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, "మీరు నాకు పనికొస్తారు" అన్నారు.

నేను "అమ్మా" అంటే ఊరుకునేవారు కాదు. "అమ్మేటి, మీకంటే నాలుగేళ్ళు పెద్దుంటానేమో. అప్పా అనండి" అన్నారు. మా వైపు పెద్దక్కను అలాగే పిలుస్తాం. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ మాట పలకడం నాకు అదే మొదలు.

ఆవిడ సొంతవాళ్ళది చీడికాడ దగ్గర పల్లె. నాన్నగారికి ఫ్యాక్టరీలో పని దొరికి కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. ఆవిడా ఒక ఫ్యాక్టరీలోనే డ్రాయింగులు గీసే పనిచేసి, ముందుగానే మానేశారు. ఎందుకు మానేశారో, ఇంట్లో ఎవరెవరుండేవారో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆవిడా నన్నేమీ అడగలేదు. మా మధ్య జరిగిన మాటల్లో సగం అంకెలే.

ఎవరి జాబితాలోనూ లేని పాత రాతి కట్టడాలను ఫొటోలతో కొలవడం ఆవిడ పెట్టుకున్న పని. ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. దాన్ని ఫొటోగ్రామెట్రీ అంటారట. మా వాళ్ళకు ఆ మాట నోరు తిరగలేదు. మేకలు కాసే ఒక ముసలమ్మ చెవిలో అది "ఫొటో గ్రామ మేస్త్రీ" అయింది. "ఏ గ్రామానికే నువ్వు మేస్త్రీవి?" అని అడిగింది. "అన్ని గ్రామాలకీనే పిన్నీ" అన్నారీవిడ. చివరికి ఊళ్ళలో ఫొటోలమ్మ అనే పేరు నిలిచింది.

మొదట మేం వెళ్ళింది కోటపాడు దారిలో, చెరకు తోటల మధ్యనున్న మండపానికి. పదార్కాళ్ళ మండపం అని పేరు. లెక్కపెడితే కాళ్ళు పదిహేనే. ఉత్తరం మూల కాలు ఎప్పుడో పోయింది, దాని అడుగు దిమ్మ మాత్రం ఉంది. లోపల దేవుడు లేడు. శివుడుండేవాడంటారు. మేం వెళ్ళేసరికి ఎండు చెరకాకు, రెండు మేకలు ఉన్నాయి.

ఆవిడ ముందు మేకల్ని తోలారు. "కదిలేవి ఉండకూడదు బాబూ, ఎండలో నీడ కూడా. అందుకే మబ్బు కావాలి. రాయి కదలదు కాబట్టే దీనికి నమ్మకం." తర్వాత నడక మొదలైంది. ఒక ఫొటో, పక్కకు ఒక అడుగు. మళ్ళీ ఒక ఫొటో, ఇంకో అడుగు. ముందు ఫొటోలో కనిపించిన దాంట్లో మూడింట రెండు వంతులు తర్వాత దాంట్లో కూడా ఉండాలి. మండపంలో ఏ చిన్న రాయైనా కనీసం మూడు ఫొటోల్లో పడాలి. ఆ మూడు చోట్ల నుంచి గీతలు లాగితే అవి కలిసే చోటే ఆ రాయి ఉన్నట్టు. ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను మడి గట్ల మీద ఇరవై ఏళ్ళుగా చేసిన పని అదే. నేను మూడు మేకులతో చేశాను, ఆవిడ వేల ఫొటోలతో చేస్తున్నారు.

"పాత అడుగు మర్చిపోయి కొత్త అడుగు వేస్తే బొమ్మ విడిపోద్ది," అనేవారు. ఆవిడ మాటల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉండేవి. కెమెరా గురించి చెప్తున్నారో, ఇంకోదాని గురించో తెలిసేది కాదు.

మేకల ముసలమ్మ అంతా చూసి గట్టు మీంచి అరిచింది. "ఏటే, ఎడం పక్కకి తిరుగుతన్నావు? సావుకి తిరిగినట్టు!"

"మూడు సుట్లు అటు తిరిగేసేనే పిన్నీ. ఇప్పుడు మూడు ఇటు. దేవుడికి లెక్క సరిపోద్ది."

"దేవుడే లేడు కదే అందుల?"

"మరెందుకు తిడతన్నావు?"

ముసలమ్మ ఆలోచించి, "అదీ నిజిమే" అని మేకల వెంట పోయింది.

కాళ్ళకు గుర్తులు పెట్టడానికి నన్ను లెక్కపెట్టమన్నారు. మా నాన్న ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. ఏడు అంటే ఏడుపని, ఆరున్నొకటి అనేవాడు. నా నోటికీ అదే వచ్చింది. "లాభం, రెండు, మూడు..." ఆవిడ ఆగి, "ఏటన్నారు?" అని అడిగి, అలాగే రాసుకున్నారు. ఇప్పటికీ ఆ ఫొటోల ఫోల్డర్లలో మొదటి కాలి పేరు లాభం, ఏడో కాలి పేరు ఆరున్నొకటి.

తిరగడం నాలుగు గంటలు పట్టింది. నాకు పని లేదు. ఖాళీగా ఉన్న ఆ పదహారో దిమ్మ మీద, నా మేకుల పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నాకు కదలకుండా కూర్చోవడం అలవాటు. పొలంలో రైతులు తగువాడుకుంటూ ఉంటే గట్టు మీద అలా గంటలు కూర్చున్నవాణ్ణి. కళ్ళ ముందు పదిహేను కాళ్ళు. వాటి మధ్య దూరాలు మనసులో గుణిస్తూ ఉండిపోయాను.

చివర్లో ఆవిడ కొలత అడిగారు.

"ఫొటోకి రూపమే తెలుసు బాబూ, పొడుగు తెలీదు. ఇదే మండపం అగ్గిపెట్టంత ఉన్నా దానికి ఒకటే. ఎంత పొడుగో మనిషే సెప్పాలి. ఒక్క కొలత సాలు. దాన్ని బట్టి మిగతావన్నీ వచ్చేస్తాయి. అది తప్పితే అన్నీ తప్పుతాయి, కానీ బొమ్మలో ఎక్కడా తెలీదు."

నేలరాళ్ళ మీద రెండు కాగితం గుర్తులు అంటించారు. టేపు మొదలు నేను పట్టుకున్నాను, చివర ఆవిడ. అప్పటికే మబ్బు పలచబడుతోంది. "తొరగా బాబూ, ఎండొచ్చేలాగుంది. ఆ మూల కాలికి ఇంకో పది తియ్యాలి" అంటూనే అంకె చూసి, "నాలుగు అరవై రెండు" అన్నారు. నేను పుస్తకంలో రాసుకుంటూ ఉండగా ఆవిడ మూల కాలి దగ్గరకు పరిగెత్తారు. కెమెరా చప్పుళ్ళు వినపడ్డాయి.

అలవాటుగా కేకేశాను. "పది తీసేరా?"

"ఆఁ, తీసేను!"

నేను నాలుగు అరవై రెండు కింద గీత గీసి, సరి అని రాశాను.

పది రోజుల తర్వాత లాప్‌టాప్ పట్టుకుని వచ్చారు. తెర మీద మండపం ఉంది. వేలితో తిప్పితే తిరుగుతోంది. కాలి మీద ఉలి దెబ్బలు కూడా కనిపిస్తున్నాయి. ఉత్తరం మూల దగ్గర ఆపి, "ఇదేటో సూడండి" అన్నారు.

దిమ్మ మీద ఒక ముద్ద ఉంది. తల, భుజాలు, మోకాళ్ళు. ముఖం సరిగా రాలేదు గానీ కూర్చున్న తీరు నాదే. పక్కన నా మేకుల పెట్టె.

"కదిలే మనుషుల్ని ఇది వదిలేస్తాది బాబూ. మీరు కదల్లేదు. రాయనుకుంది," అన్నారు. ఆవిడ గట్టిగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. టోపీ జారిపడింది. నేను సిగ్గుపడి, చెరిపేయమన్నాను. "ఎందుకు? పదార్కాళ్ళ మండపమన్నారు. పదహారో కాలు మీరే. ఉండనీండి."

ఆ రోజు పాత లాప్‌టాప్ ఒకటి, ఒక డిస్కూ నాకిచ్చారు. అంకెలు చూసుకోవడం నేర్పారు. "నా దగ్గరొకటి, మీ దగ్గరొకటి. రెండూ ఒక్క రోజు పోవు కదా."

తర్వాత ఎన్నో చోట్ల తిరిగాం. బండి పుంతల పక్కన రాతి తొట్లు, సగం కూరుకున్న నంది, తల లేని ద్వారపాలకుడు. ఆవిడ సీసాలో చోడి అంబలి, అదే రాగి జావ, తెచ్చుకునేవారు. నాకు మూతలో పోసి ఇచ్చేవారు. ఒక్కోసారి మబ్బు విడిపోయి ఎండ ముక్క రాయి మీద పడితే, నల్ల గొడుగు విప్పి నా చేతికిచ్చి, "దేవుడికి పట్టండి" అనేవారు. తిరుగు బస్సెక్కే ముందు బజారులో నల్లబెల్లం అడిగేవారు. కొట్టువాడు తెల్లటిది చూపిస్తే, "నేను ఫొటో తియ్యనులే బాబూ, తినాలి. నల్లదియ్యి" అనేవారు.

కిందటి వానాకాలం మళ్ళీ ఆ మండపానికే వెళ్దామన్నారు. పైకప్పు అడుగు భాగం సరిగా రాలేదట. నాలుగు పావుల మబ్బు. నేను ఈసారి దూరంగా గట్టు మీద కూర్చున్నాను. ఆవిడ అడుగులు చిన్నవిగా వేస్తున్నట్టు అనిపించింది. అడిగాను.

"ఫొటోలు ఎక్కువుంటే మంచిదే కదా బాబూ," అన్నారు.

మధ్యలో ఒకసారి ఆరున్నొకటో కాలికి వీపు ఆనించి కూర్చుండిపోయారు. "మబ్బు పలసబడింది, ఆగుదాం," అన్నారు. నేను పైకి చూశాను. నాకు పలచబడినట్టు అనిపించలేదు. కానీ మబ్బు విషయంలో ఆవిడ మాటకు ఎదురు చెప్పే అలవాటు లేదు. సీసా అందించాను. మూత తిప్పలేక నాకే తిరిగిచ్చారు. తిప్పి ఇచ్చాను. ఇద్దరం అలా చాలాసేపు కూర్చున్నాం. చెరకు ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అదే ఆఖరు. తర్వాత మూడు పావుల రోజులు రెండు పోయాయి, నాలుగు పావుల రోజు ఒకటి పోయింది. ఫోన్ రాలేదు. ఇంకో నాలుగు పావుల రోజున నేనే చేశాను. అంతవరకు నేనుగా ఎప్పుడూ చెయ్యలేదు.

"అప్పా, మబ్బుంది," అన్నాను.

అవతల మగ గొంతు. ఆవిడ తమ్ముడు. "ఎవరండీ? అప్ప మొన్న పోనాదండి" అన్నాడు. ఆరు నెలల నుంచి వైద్యం జరుగుతోందట. అతనే ఆగి, "మీరు ఆవిడితో ఫొటోలకి తిరిగీవోరు కదా. అప్ప ఫొటో ఒకటుందేటండీ మీ దగ్గర? దినానికి పెట్టడానికి మంచిది ఒక్కటీ లేదు" అన్నాడు.

డిస్కులో ఉన్న ఫొటోలన్నీ చూశాను. ఆరువేల రెండు వందల పద్నాలుగు. రెండు రోజులు పట్టింది. ఒక ఫొటోలో నేల మీద గొడుగు నీడ ఉంది. అంతే. లేదని చెప్పాను. ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు మీది బొమ్మను పెద్దది చేయించామని తర్వాత చెప్పాడు.

ఆవిడ పోయిన రెండు నెలలకు చెరకు ట్రాక్టరు వెనక్కి వస్తూ మండపం మూల కాలిని గుద్దింది. నాలుగు కాళ్ళు, కప్పులో సగం పడ్డాయి. మిగతావి ఎవరిమీదైనా పడతాయని యంత్రం పెట్టి దింపేశారు. ముక్కలైన రాళ్ళన్నీ కొత్త కల్వర్టు కిందకు పోయాయి. ఈ కబురు చెప్పడానికి ఎవరికి ఫోన్ చెయ్యాలో నాకు తెలియలేదు.

కిందటి నెల మండపం ఉన్న ఊరి గుడి కమిటీ పెద్ద వచ్చాడు. చెరకు రైతు. అతని మడులు నేనే కొలిచాను. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావా అంటాడు.

"బావా, మండపం మళ్ళీ రాయితోనే కట్టిస్తన్నాం. కాలు పొడుగెంతో ఎవుడికీ తెల్దు. ఒకడు ఏడడుగులంటాడు, ఒకడు ఎనిమిదంటాడు. ఆ ఫొటోలమ్మ కొలిసింది నీ కాడుందంట కదా?"

నాకు గర్వంగా అనిపించింది. నా కోసం కాదు. లాప్‌టాప్ తెరిచి, కాలి అడుగునా పైనా గుర్తు పెట్టి, "రెండు మీటర్ల ముప్పై ఒకటి" అన్నాను. అతను అరచేతి మీద పెన్నుతో రాసుకుని వెళ్ళాడు.

మూడు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం, తోచక, ఆ బొమ్మను తిప్పుతూ కూర్చున్నాను. పదహారో దిమ్మ మీద నేను. ఎన్నడూ కొలవలేదు కదా అని నన్ను కొలిచాను. దిమ్మ నుంచి నడినెత్తి దాకా తొంభై. లేచి గోడకు ఆని పీట మీద కూర్చుని, నెత్తి మీద పుస్తకం పెట్టి గుర్తు గీసి కొలుచుకున్నాను. ఎనభై ఎనిమిది. వయసు వస్తే మనిషి కుంగుతాడు. కానీ మూడేళ్ళలో రెండు సెంటీమీటర్లు కుంగడు. అయినా మనిషి మెత్తటివాడు, నమ్మడానికి లేదు. పెట్టెను కొలిచాను. బొమ్మలో నలభై ఆరు. మంచం కింద నుంచి లాగి, టేపుతో కాకుండా చెక్క స్కేలుతో కొలిచాను. నలభై ఐదు.

చెక్క పెట్టె కుంగదు.

పుస్తకం తీశాను. నాలుగు అరవై రెండు. కింద గీత. సరి. దాన్నే చూస్తూ ఉంటే ఆ రోజు వినిపించింది. నా కేక, ఆవిడ జవాబు. నేను అడిగింది టేపులో పది తీసేశారా అని. ఆవిడ చెప్పింది మూల కాలికి పది ఫొటోలు తీశానని. ఇద్దరం నిజమే మాట్లాడుకున్నాం. ఆ కాలి ఫోల్డరు తెరిచి చివరి ఫొటోలు లెక్కపెట్టాను. పదే ఉన్నాయి.

అంటే నాలుగు అరవై రెండు కాదు, నాలుగు యాభై రెండు. కాలు రెండు ముప్పై ఒకటి కాదు, రెండు ఇరవయ్యారు. ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి రెండో డిస్కు గురించి అడిగాను, ఆవిడెప్పుడైనా దిద్దారేమోనని. కంప్యూటరు అమ్మేశామన్నాడు, డిస్కు సంగతి తెలియదన్నాడు. ఇక లోకంలో ఆ మండపం ఉన్నది నా దగ్గరే. అదీ తప్పు కొలతతో. ఆవిడ చెప్పినట్టే, బొమ్మలో ఎక్కడా తెలియడం లేదు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్తే, నేను జన్మంతా చేసిన పని మీద ఊళ్ళో ఏమంటారో కూడా నాకు తెలుసు.

ఆటో ఎక్కి రాళ్ళు చెక్కే చోటికి వెళ్ళాను. కమిటీ పెద్ద అక్కడే ఉన్నాడు.

"ఐదు సెంటీమీటర్లు తగ్గించాలి," అన్నాను.

"ఐదు సెంటీమీటర్లకి శివుడి తల తగిలేస్తాదేటి బావా? ఎక్కువుంటే ఇంకా గాలొస్తాది."

"పాతది రెండు ఇరవయ్యారు."

"పాతదెక్కడుంది? కల్వర్టు కిందుంది. లేసొచ్చి కొలుసుకుంటాదేటి?" రాళ్ళు మోసేవాళ్ళు నవ్వారు. అతను నవ్వు ఆపి, నా వైపు చూశాడు. "మొన్న నువ్వే సెప్పేవు, ఈవేళ నువ్వే కాదంటన్నావు. నీ మాట మీద గట్లు ఏసుకున్నాం. అవీ ఇలాగేనా బావా?"

ఆ మాట వస్తుందనే ఆటోలో దారి పొడుగునా అనుకున్నాను. అయినా తగిలింది.

"అవి కాదు. వాటికి పది తీసేను. మీరు అడిగీవోరు కూడా. దీనికి తియ్యలేదు. అది నా తప్పు, ఆవిడిది కాదు."

ఉలి పట్టుకున్న మేస్త్రి అన్నాడు, "పొడుగు రాయికి మందుంది బాబూ, పొట్టి రాయికి లేదు. ఇంకా రెండే కొట్టేను. కోసేస్తాను లెండి. మిగతావి రెండు ఇరవయ్యారు. ఎన్ని? పదహారా?"

"పదహారే కదేటి, పేరే పదార్కాళ్ళు," అన్నాడు కమిటీ పెద్ద.

"పదిహేను," అన్నాను. "ఉత్తరం మూల దిమ్మ పెట్టి వదిలేయండి."

"ఎందుకూ?"

"కూర్చోడానికి."

అతను మేస్త్రి వైపు చూసి, చెయ్యి తిప్పి, "ఈ మనిసికి లెక్కలెక్కువైపోనాయి" అన్నాడు. కానీ వద్దనలేదు.

ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. బొమ్మలో కొలత మార్చే ముందు, ఆవిడ నేర్పినా నేనెప్పుడూ వాడని మీట ఒకటి నొక్కాను. ప్రతి ఫొటో ఎక్కడి నుంచి తీశారో చూపించే మీట. మండపం చుట్టూ చిన్న చిన్న నీలం పలకలు వందలు వెలిశాయి. ప్రతి పలకా ఆవిడ ఒక క్షణం నిలబడిన చోటు. ముఖం లేదు, మనిషి లేదు. నిలబడిన చోట్లన్నీ ఉన్నాయి.

నాకు తెలిసిన పని ఒకటే కాబట్టి కొలవడం మొదలుపెట్టాను. నేల నుంచి పలక ఎత్తు ఒకటి ఇరవై. ఆవిడ కెమెరాను గుండెకు ఆనించి పట్టుకునేవారు. మొదటిసారి వచ్చినప్పుడు పలకకూ పలకకూ మధ్య అరవై ఒకటి. రెండోసారి నలభై ఒకటి. ఫొటోలు ఎక్కువుంటే మంచిదే కదా బాబూ. ఆరున్నొకటో కాలి దగ్గర ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ మధ్య ఇరవై ఆరు నిమిషాలు. ఆ రెండు ఫొటోల్లోనూ కప్పు అంచున ఆకాశం కనిపిస్తోంది. రెంటిలోనూ నాలుగు పావుల మబ్బే. ఎక్కడా పలచబడలేదు. ఆ ఇరవై ఆరు నిమిషాలూ నేను రెండు గజాల దూరంలో ఉన్నాను. పక్కనే కూర్చుని కొలత తప్పాను.

తర్వాత కొలత గడిలో నాలుగు అరవై రెండు చెరిపి, నాలుగు యాభై రెండు కొట్టి, సరి అన్నాను. తెర మీద ఏమీ మారినట్టు కనిపించలేదు. కనిపించదని ఆవిడ ముందే చెప్పారు. మళ్ళీ కొలిచాను. కాలు రెండు ఇరవయ్యారు. పెట్టె నలభై ఐదు. నేను ఎనభై ఎనిమిది. ఆవిడ గుండె ఎత్తు ఒకటి పదిహేడు. ఇన్నాళ్ళూ ఆవిడను ఉన్నదానికంటే మూడు సెంటీమీటర్లు పొడుగు చేసి దాచుకున్నాను. ఇప్పుడు ఆవిడంతే ఉన్నారు.

వీధిలోకి వచ్చాను. నాలుగు పావులూ మబ్బు. చేతిలో ఫోన్ ఉంది. ఆ నంబరు ఇంకా అందులో ఉంది. నొక్కలేదు.

"ఈసారి తీసేనప్పా," అన్నాను, పైకే.